జెండా పాట విని బండి కట్టకండి



ఈసారి తామర పురుగు గురించి కాదు, డ్రిప్పు గురించీ కాదు. లారీల గురించి రాస్తున్నా. అదీ అమెరికా లారీల గురించి. మన పేజీలో ఇదేందని అనుకోకండి. ఈ రెండు నెలల్లో మన చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ముగ్గురు నాకు ఫోన్ చేశారు. ముగ్గురిదీ ఒకటే సంగతి. అక్కడ గ్రీన్ కార్డు ఉన్న కొడుకో అల్లుడో, ఉద్యోగం పోయి, సొంత లారీ కొని ఒక కంపెనీ కింద పెట్టి నడుపుతా అంటున్నాడు. ముందు కట్టాల్సిన డబ్బు పంపమంటున్నాడు. ఒకాయనైతే 30 లక్షల కోసం రోడ్డు పక్క ఎకరం బేరానికి పెట్టేశాడు. "కంపెనీ వాళ్ళు 85 శాతం మనకే ఇస్తారంట, నువ్వేమంటావు?" అని అడిగాడు.

నన్నెందుకు అడిగారో తెలియనివాళ్ళకు చెప్తా. మా ఇంటావిడ నర్సు. ఆమె ఉద్యోగం మీద 2011లో మేము టెక్సాస్ పోయాం. నేను 2013లో అక్కడి భారీ లారీల లైసెన్సు తీసుకుని మూడేళ్ళు జీతానికి నడిపా. 2016 నుంచి ఆరేళ్ళు సొంత లారీ, ఒక కంపెనీ కింద. 2022 మొదట్లో పాత లారీలకు మంచి ధర ఉన్నప్పుడు అమ్మేసి, నాన్నకు చేతగాక పొలం బీడు పడుతుంటే వచ్చేశాం. కాబట్టి ఇది విన్నమాట కాదు, నడిపిన మాట.

ముందు ఒక సంగతి తేల్చుకోండి. పిల్లవాడు హెచ్1బీ వీసా మీద ఉంటే ఈ ముచ్చటే లేదు. ఆ వీసా ఏ కంపెనీ పేరు మీద ఉందో ఆ పనే చెయ్యాలి, లారీ నడపటానికి కుదరదు. గ్రీన్ కార్డో, పౌరసత్వమో ఉండాలి. ఇంగ్లీషు బోర్డులు చదవటం, పోలీసు అడిగితే జవాబు చెప్పటం రావాలి. ఆ నిబంధన ఎప్పటి నుంచో ఉన్నదే, 2025 జూన్ నుంచి గట్టిగా పట్టుకుంటున్నారు. రాకపోతే బండి అక్కడే ఆపేస్తారు.

ఇక అసలు విషయం. సొంత లారీ ఉన్నోడికి అక్కడ రెండు దారులు. ఒకటి, తన పేరు మీదే సరుకు రవాణా అనుమతి తీసుకోవటం. దాన్ని అథారిటీ అంటారు. ఇన్సూరెన్సు, కాగితాలు, లోడు వెతుక్కోవటం, డబ్బు వసూలు చేసుకోవటం అన్నీ నెత్తిమీదే. కొత్తవాడికి ఇన్సూరెన్సు ధరే గుండె ఆగేట్టు ఉంటది. రెండోది, అనుమతి ఉన్న కంపెనీకి తన లారీని లీజుకు ఇచ్చి, దాన్ని తనే నడపటం. మన భాషలో చెప్పాలంటే, పొలం కౌలుకు ఇచ్చి అదే పొలంలో మనమే అరక కట్టి దున్నినట్టు. బండి మనది, డీజిలు మనది, టైర్లు మనవి, రిపేరు మనది. లోడు, పేరు వాళ్ళది. వచ్చిన కిరాయిలో ఇంత శాతం మనకు, ఇంత వాళ్ళకు.

ఆ శాతం దగ్గరే అందరూ బోల్తా పడతారు.

మన ఖమ్మం మిర్చి యార్డులో పొద్దున జెండా పాట అవుతుంది కదా. ఆ ధర విని ఊళ్ళో బండి కట్టుకుని బయల్దేరినోడు ఎంతమంది ఆ ధర చూశారు? జెండా పాట నాణ్యమైన ఒక్క రాశికి పెట్టిన ధర. మిగతావాళ్ళకు దాని కింద ఎంతకు పడితే అంత. ఇంటికి తీసుకుపోయేది జెండా పాట కాదు, తక్‌పట్టీలో కింద గీత గీసి రాసిన అంకె. కమీషను, హమాలీ, దడ్వాయి, తరుగు అన్నీ పోయాక మిగిలింది. అమెరికాలో కంపెనీ చెప్పే 85 శాతం జెండా పాట. వారం వారం ఇచ్చే లెక్క కాగితం తక్‌పట్టీ. దాన్ని సెటిల్‌మెంటు అంటారు. కంపెనీని ఎంచుకోవటమంటే ఆ కాగితం చదవటమే.

లెక్క కోసం ఒక ఉదాహరణ వేస్తా. అంకెలు నేను పెట్టినవి, పద్ధతి మాత్రం అక్కడ నడిచేదే. వారంలో లోడ్ల కిరాయి 6,000 డాలర్లు అనుకోండి.

మొదటి కంపెనీ 85 శాతం. అంటే 5,100. దాంట్లో వెనక ట్రైలర్ అద్దె 350, ఇన్సూరెన్సు 400, నంబర్ ప్లేట్లు, ఆఫీసు ఖర్చు, లాగ్ మిషను కలిపి 150, డిపాజిట్ కింద 250 కోస్తారు. మిగిలింది 3,950. డీజిలు పూర్తి ధరకు 1,600. చేతికి 2,350.

రెండో కంపెనీ 72 శాతం. అంటే 4,320. ట్రైలర్ వాళ్ళదే, అద్దె లేదు. సరుకు ఇన్సూరెన్సు వాళ్ళదే. ప్లేట్లకు, లోడు లేనప్పుడు బండికి ఉండే ఇన్సూరెన్సుకు 120 కోస్తారు. మిగిలింది 4,200. కంపెనీ కార్డు మీద డీజిలు తగ్గింపు ధరకు 1,400. చేతికి 2,800.

మొదటి వాడి డిపాజిట్ 250 ఎప్పటికైనా తిరిగొస్తుందనుకున్నా 2,600. ఇంకా 200 తేడా. దీనికి తోడు డీజిలు ధర పెరిగినప్పుడు సరుకు యజమాని కిరాయి మీద అదనంగా ఇచ్చే సర్‌చార్జి ఉంటుంది. డీజిలు పోయించుకునేది మనం. మరి ఆ డబ్బు మొత్తం మనకు ఇస్తున్నాడా, వాడు ఉంచుకుంటున్నాడా? ఇది అడగకపోతే ఎవడూ చెప్పడు. పైన మిగిలిందంతా లాభం కాదు, మళ్ళీ గుర్తుపెట్టుకోండి. బండి కిస్తీ, టైర్లు, రిపేర్లు, పన్ను దాంట్లోంచే. మొత్తం 18 టైర్లు, అందులో ముందు బండివే 10. లోడు మీద ఆ బండి గ్యాలనుకు ఆరు మైళ్ళు ఇస్తే బాగా ఇచ్చినట్టు. అంటే లీటరుకు రెండున్నర కిలోమీటర్లు.

ఇప్పుడు ఫ్లాట్‌బెడ్ అంటే ఏందో చెప్పాలి. గోడలు, పైకప్పు లేని బల్ల లాంటి ట్రైలర్. పొడవు 48 అడుగులో 53 అడుగులో. ఇనుప చుట్టలు, పైపులు, కలప, హార్వెస్టర్లు, ఇంటి కప్పు సామాను దాని మీద పోతాయి. బండీ సరుకూ కలిపి మామూలుగా 80,000 పౌండ్లు దాటకూడదు, అంటే సుమారు 36 టన్నులు. డబ్బా లారీ డ్రైవరు తలుపు వేసి తాళం పెట్టి పోతాడు. ఫ్లాట్‌బెడ్ వాడు గొలుసులు, పట్టీలు వేసి బిగించాలి. పైన టార్పాలిన్ కప్పాలి. ఒక్కో టార్పాలిన్ మన మిర్చి బస్తా అంత బరువు, ఇంకా ఎక్కువ కూడా ఉంటది. గాలిలో, మంచులో, టెక్సాస్ ఎండలో అది భుజాన వేసుకుని ఎక్కాలి. వరిగడ్డి లోడుకు మోకులు బిగించినోడికి ఆ పని అర్థమవుతుంది. అందుకే మనలాంటోళ్ళకు అది కొత్తగా అనిపించదు.

కానీ అక్కడ కట్టటానికి చట్టం ఉంది. గొలుసులు, పట్టీల పని సామర్థ్యం మొత్తం కలిపితే సరుకు బరువులో కనీసం సగం ఉండాలి. పొడవును బట్టి ఎన్ని కట్లు వెయ్యాలో లెక్క ఉంది. బయల్దేరిన 50 మైళ్ళ లోపు ఒకసారి ఆగి చూడాలి. తర్వాత 150 మైళ్ళకో మూడు గంటలకో ఒకసారి. ఇనుప చుట్ట జారితే ముందు క్యాబిన్‌లో ఉన్నోడు బతకడు. కాబట్టి కంపెనీ ఎంచుకునేటప్పుడు డబ్బు కంటే ముందు అడగాల్సింది ఇదే: కొత్తగా వచ్చినోడికి కట్టటం నేర్పుతారా? గొలుసులు, పట్టీలు ఎవరు ఇస్తారు? అరిగిపోయిన పట్టీ మారుస్తారా, వాడినన్నాళ్ళు వాడమంటారా? టార్పాలిన్ కప్పినందుకు విడిగా డబ్బు ఇస్తారా? లోడింగు దగ్గర ఐదారు గంటలు నిలబెడితే ఆ టైముకు డబ్బు వస్తుందా, వస్తే దాంట్లో మన వాటా ఎంత?

టైము సంగతి ఎందుకంటే, అక్కడ రోజుకు 11 గంటలకు మించి స్టీరింగ్ పట్టకూడదు. పని మొదలుపెట్టిన దగ్గర నుంచి 14 గంటల్లోపే ఆ నడపటం అయిపోవాలి. తర్వాత 10 గంటలు విశ్రాంతి. 2017 డిసెంబరు నుంచి చాలా లారీల్లో దీన్ని మిషనే రాసుకుంటోంది, పుస్తకంలో అటూ ఇటూ రాసుకోవటానికి లేదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర పోయిన ఐదు గంటలు మన కూలి పోయినట్టే.

నేను 2016లో మూడు కంపెనీలు తిరిగి చూశా. మొదటి దాంట్లో పెద్ద ఆఫీసు, కాఫీ, నవ్వులు. 85 శాతం అన్నారు. ఒప్పందం కాగితం ఇంటికి తీసుకుపోయి చదువుకుని రెండు రోజుల్లో వస్తా అన్నా. "అందరూ ఇక్కడే సంతకం చేస్తారు, కాగితం బయటికి ఇవ్వం" అన్నారు. కాఫీ తాగి వచ్చేశా. మనం సంతకం పెట్టాల్సిన కాగితం మన చేతికి ఇవ్వనోడు రేపు మన డబ్బు ఇస్తాడా?

రెండోది, "నీకు లారీ ఎందుకు, మా లారీనే వారం వారం కిస్తీల మీద తీసుకో, నాలుగేళ్ళలో నీదే" అన్నది. వినటానికి తియ్యగా ఉంటది. కానీ లారీ వాళ్ళది, లోడ్లు ఇచ్చేదీ వాళ్ళే. లోడు తక్కువ ఇస్తే కిస్తీ ఆగుతుంది. కిస్తీ ఆగితే లారీ వాళ్ళకు పోతది, కట్టినదంతా గంగపాలు. అప్పులోడే పంట కొనేవాడైతే ఏమవుతదో మనకు ఒకరు చెప్పాలా? ఈ పద్ధతి మీద అక్కడి ప్రభుత్వం వేసిన టాస్క్‌ఫోర్స్ 2025 జనవరిలో రిపోర్టు ఇస్తూ, దీన్ని నిషేధించాలనే సిఫార్సు చేసింది. మీ పిల్లవాడు ఈ మాట ఎత్తితే డబ్బు పంపకండి, అంతే.

మూడోది చిన్న కంపెనీ. నలభై లారీల లోపే. హ్యూస్టన్ వైపు నుంచి పైపులు, ఇనుము తోలేవాళ్ళు. 72 శాతమే అన్నారు. ఆఫీసులో లెక్కలు చూసే పెద్దావిడ, ఒక డ్రైవరు పేరు కాగితంతో మూసి, పోయిన వారం సెటిల్‌మెంటు నా ముందు పెట్టింది. ఒక్కో కోత ఎందుకో వేలు పెట్టి చెప్పింది. ఒప్పందం చేతికిచ్చి, "తొందరేం లేదు, ఎవరికైనా చూపించుకుని రా" అన్నది. అక్కడే ఆరేళ్ళు ఉన్నా.

ఆ ఆరేళ్ళలో నాకు ఉపయోగపడింది చట్టం. సొంత లారీవాడికీ కంపెనీకీ మధ్య లీజుకు అక్కడ కేంద్ర నిబంధనలు ఉన్నాయి, ట్రూత్ ఇన్ లీజింగ్ అంటారు. లీజు రాతపూర్వకంగా ఉండాలి. ఎంత ఇస్తారో, ఏమేమి కోస్తారో దాంట్లోనే రాయాలి. లోడు దించి కావాల్సిన కాగితాలు ఇచ్చిన 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. శాతం మీద నడిపేవాడికి, ఆ లోడు కిరాయి ఎంతో ఉన్న బిల్లు కాపీ ఇవ్వాలి. లేకపోతే 6,000 కిరాయిని 5,000 అని చెప్పి దాంట్లో శాతం ఇస్తే మనకేం తెలుస్తది? మా దగ్గరే డీజిలు కొట్టించు, మా దగ్గరే టైర్లు కొను అని లీజు పేరుతో బలవంతం చెయ్యకూడదు. డిపాజిట్ పట్టుకుంటే దానికి వడ్డీ ఇవ్వాలి, లెక్క చూపాలి, లీజు అయిపోయాక 45 రోజుల్లోపు తిరిగి ఇవ్వాలి. ఏమైనా కోసుకుంటే ఒక్కోదానికీ విడిగా లెక్క రాసివ్వాలి.

నాతో ఒక సర్దార్జీ స్నేహితుడు ఉండేవాడు. ట్రక్ స్టాపుల్లో పంజాబీ ధాబాలు ఉంటాయి, అక్కడ కలిసేవాళ్ళం. వేరే కంపెనీలో నడిపేవాడు. వాడు మానేశాక డిపాజిట్ 2,500 డాలర్లు రాలేదు. "టార్పాలిన్లు చింపావు, లెక్క సరిపోయింది" అన్నారు. వాడు అరవలేదు, గొడవ పెట్టుకోలేదు. లీజు కాపీ తీసి, ఏ పేరాలో ఏముందో రాసి, చింపిన టార్పాలిన్ల లెక్క విడివిడిగా చూపమని ఉత్తరం పెట్టాడు. రెండో ఉత్తరానికి 2,100 వచ్చాయి. కాగితం దగ్గర పెట్టుకున్నందుకు వచ్చాయి. నా డిపాజిట్ అయితే మానేసిన 32వ రోజు వడ్డీతో సహా బ్యాంకులో పడింది. కంపెనీ మంచిదో కాదో చేరేటప్పుడు చూపించే మర్యాదలో తెలియదు, పోయేటప్పుడు ఇచ్చే లెక్కలో తెలుస్తది. కాబట్టి మానేసిన డ్రైవర్లను వెతికి అడగమనండి. ఉన్నవాళ్ళు అన్నీ చెప్పరు.

కంపెనీ గురించి తెలుసుకోవటానికి ఇంకో దారి ఉంది, అది ఉచితం. ప్రతి కంపెనీ లారీ తలుపు మీద డాట్ నంబరు రాసి ఉంటుంది. అక్కడి రవాణా భద్రతా సంస్థ వెబ్‌సైటులో ఆ నంబరు కొడితే ఎన్ని బండ్లు ఉన్నాయి, రెండేళ్ళలో ఎన్ని ప్రమాదాలు, తనిఖీలో ఎన్ని బండ్లను పనికిరావని ఆపారు, అన్నీ కనిపిస్తాయి. ఖమ్మంలో కూర్చుని మీ ఫోన్లో కూడా చూడొచ్చు. చెడ్డ పేరున్న కంపెనీ బోర్డు మన తలుపు మీద ఉంటే, మన బండి ఎంత బాగున్నా తనిఖీకి మాటిమాటికీ ఆపుతారు.

లోడ్లు ఏ వైపు ఉన్నాయో కూడా అడగాలి. రిటర్న్ లోడు సంగతి మన లారీవాళ్ళకు చెప్పాల్సిన పనిలేదు. ఫ్లోరిడాలోకి పోయే లోడుకు కిరాయి బాగుంటది, బయటికి వచ్చేటప్పుడు అంత దొరకదు. ఆ ఖాళీ మైళ్ళ డీజిలు ఎవరిది? లోడు వద్దంటే ఊరుకుంటారా, వారం రోజులు లోడు ఇవ్వకుండా కూర్చోబెడతారా? చలికాలంలో కట్టడం పనులు తగ్గి ఫ్లాట్‌బెడ్ లోడ్లు కూడా తగ్గుతాయి. ఆ నెలల్లో ఏం తోలుతారు? ఎండాకాలం లెక్క చూపించి చేర్చుకునేవాళ్ళు ఉన్నారు. మార్చిలో మిర్చి చూసి ఏడాదంతా అలాగే ఉంటదనుకున్నట్టే అది.

ఇంకో సంగతి, ఇది నేను పోకముందు జరిగింది. ఓక్లహోమాలో తుల్సా ఊళ్ళో ఆరో ట్రకింగ్ అని ఫ్లాట్‌బెడ్ కంపెనీ ఉండేది. చిన్నదేం కాదు. 2009 డిసెంబరులో, క్రిస్మస్‌కు మూడు రోజుల ముందు, చెప్పాపెట్టకుండా మూసేశారు. డ్రైవర్ల డీజిలు కార్డులు పనిచెయ్యటం ఆగిపోయింది. ఎక్కడివాళ్ళు అక్కడ, ఇంటికి వందల మైళ్ళ దూరంలో, రోడ్ల మీద ఉండిపోయారు. తోటి డ్రైవర్లు, జనం సాయం చేస్తే ఇళ్ళకు చేరారు. దాన్ని నడిపిన పెద్దాయనకు 2015లో కోర్టు ఏడున్నరేళ్ళ జైలు వేసింది. కానీ రోడ్డు మీద ఉన్నోడికి ఆ రాత్రి ఆ జైలు ఏం పనికొస్తది? నేను మాత్రం ఆరేళ్ళూ బండిలో ఇంటికి చేరేంత డీజిలు డబ్బు నా సొంత కార్డులో వేరేగా ఉంచుకున్నా. వాడే అవసరం రాలేదు, అయినా ఉంచుకున్నా.

ఇప్పుడు ఎకరం బేరానికి పెట్టిన అన్నకు నేనేం చెప్పానో మీకూ చెప్తా. లారీ కొనొద్దని చెప్పలేదు. ఆ పనిలో కష్టం ఉంది, బతుకూ ఉంది. మా ఇల్లు ఆ డబ్బుతోనే కట్టుకున్నాం. 2022 తర్వాత కిరాయిలు పడిపోయి, 2023లో చిన్నా పెద్దా చాలా కంపెనీలు మూతపడ్డాయి. పంట ధర లాగే కిరాయి కూడా లేస్తది, పడతది. పడినప్పుడు ఆరు నెలలు తట్టుకునే డబ్బు పక్కన లేకుండా దిగొద్దు. మొదట ఏడాదో రెండేళ్ళో జీతానికి నడిపితే, కట్టటం, కప్పటం వేరేవాడి బండి మీద నేర్చుకుంటాడు.

అప్పటికీ సొంత బండే అంటే, కొడుకును మూడు కాగితాలు అడగమన్నా. ఆ కంపెనీ లీజు ఒప్పందం పూర్తి కాపీ. అక్కడ నడుపుతున్న ఒక డ్రైవరు సెటిల్‌మెంటు, ఎండాకాలానిది ఒకటి, జనవరిది ఒకటి, పేరు మూసి పంపినా సరే. ఏ వారం ఏ కోత ఎంత పడుతుందో రాసిన పట్టిక. వాట్సాప్‌లో ఫోటో తీసి పంపితే చాలు. ఇంగ్లీషులో ఉన్నా భయపడకండి, నాకు పంపండి, కూర్చుని తెలుగులో చదివి చెప్తా, రూపాయి తీసుకోను.

ఆ మూడు కాగితాలు రాకముందు పట్టాదారు పాస్‌బుక్ బీరువాలోంచి బయటికి తియ్యకండి.